ఇంటిపేరు చెప్పని చరిత్ర: హైదరాబాదులో ‘పామర్’ కుటుంబం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇంటిపేరుకు నిఘంటువు చెప్పే అర్థాన్ని కుటుంబ చరిత్రగా స్వీకరించే ధోరణి ఇంగ్లీషు వంశచరిత్రల్లోనూ, తెలుగు ఇంటిపేర్ల పరిశోధనల్లోనూ కనిపిస్తుంది. ఇంగ్లండులో పుట్టి, లక్నో మీదుగా హైదరాబాదు చేరిన ‘పామర్’ అనే ఇంటిపేరు ఆధారంగా ఈ ధోరణి పరిమితులను చర్చించడం ఈ వ్యాస లక్ష్యం. పేరు పుట్టుక, పేరు వ్యాప్తి, కుటుంబ గమనం అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలని, ఇంటిపేరును మాత్రమే అనుసరించే పరిశోధనలో తల్లి వైపు చరిత్ర జారిపోతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ముఖ్యపదాలు: ఇంటిపేరు, నామవిజ్ఞానం, జనవ్యుత్పత్తి, పామర్, అబిడ్స్, నాంపల్లి, ఉత్తర సర్కారులు.

1. ఉపోద్ఘాతం

‘ఇంటిపేరు’ అనే తెలుగు మాటలోనే ఇల్లు ఉంది. ఇంగ్లీషులో దానికి సమానంగా వాడే ‘సర్‌నేమ్’ అనే మాట ప్రాచీన ఫ్రెంచి నుంచి వచ్చింది. ‘పేరు మీది పేరు’ అని దాని అర్థం. మనం ఇంటిపేరును ముందు చెప్పి వ్యక్తి పేరును తరువాత చెబుతాం. ఇంగ్లీషువారిది దీనికి తలకిందుల వరస. ఇన్ని భేదాలున్నా రెండు సమాజాల్లోనూ ఒక నమ్మకం సమానంగా ఉంది. ఇంటిపేరు అర్థం తెలిస్తే ఆ కుటుంబం ఎక్కడిదో, ఏ పని చేసినదో తెలిసిపోతుందన్నదే ఆ నమ్మకం.

ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి ‘పామర్’ అనువైన పేరు. దాని ఇంగ్లీషు వర్ణక్రమంలో లకారం ఉంది, ఉచ్చారణలో లేదు. ఉచ్చారణను అనుసరించి తెలుగులో రాస్తే ‘పామరుడు’ గుర్తుకు రాక మానడు. అయితే ఆ రెండు మాటలకూ ఏ సంబంధమూ లేదు. ధ్వనిసామ్యం చూసి వ్యుత్పత్తి చెప్పడం ఎంత ప్రమాదకరమో ఈ ఒక్క ఉదాహరణే చూపుతుంది. ఇంత స్పష్టంగా కనిపించని చోట మనం అదే పొరపాటు చేస్తున్నామా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

2. అబిడ్స్, నాంపల్లి: రెండు హెచ్చరికలు

పామర్ కుటుంబ చరిత్రలోకి వెళ్ళేముందు, ఆ కుటుంబం నివసించిన చాదర్‌ఘాట్ ప్రాంతానికి సమీపంలోనే ఉన్న రెండు స్థలనామాలను పరిశీలించాలి.

‘అబిడ్స్’ అనే పేరు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం నుంచి వచ్చింది. చివరనున్న ‘స్’ ఇంగ్లీషు షష్ఠీ ప్రత్యయం. ‘ఆబిద్‌ది’ అనే అర్థం మరుగునపడి, ప్రత్యయం పేరులో కలిసిపోయింది. ఇప్పుడు దానిమీద మన విభక్తిని చేర్చి ‘అబిడ్స్‌లో’ అంటున్నాం. ‘ఆబిద్’ అంటే అరబ్బీలో ‘ఆరాధకుడు’. ‘ఆల్బర్ట్’ యూరోపియన్ పేరు. ఆ మనిషిని మాత్రం చరిత్రకారులు ఆర్మేనియన్‌గా పేర్కొంటారు. పేరులోని రెండు భాగాల అర్థాలూ తెలిసినా ఆయన మూలం మనకు తెలియదు. నిఘంటువును మాత్రమే నమ్మే పరిశోధకుడు ఆయనను అరబ్బునో, ఆంగ్లేయుణ్ణో చేసేవాడు.

‘నాంపల్లి’ మరో రకమైన సమస్య. కుతుబ్‌షాహీల కొలువులో ఉన్న రజా అలీఖాన్‌కు ‘నేక్‌నామ్ ఖాన్’ అనే బిరుదు ఉండేదని, ఆయన జాగీరు కావడం వల్ల ఇది ‘నేక్‌నామ్‌పల్లి’ అయి, క్రమంగా నాంపల్లిగా మారిందని ప్రసిద్ధ వివరణ. వినడానికి ఇది సమంజసంగానే ఉంది. కాని నల్గొండ జిల్లాలో ఒక నాంపల్లి ఉంది. వేములవాడ దగ్గర గుట్టతో ప్రసిద్ధమైన మరో నాంపల్లి ఉంది. వాటికీ నేక్‌నామ్ ఖానే కారణమని చెప్పగలమా? చెప్పలేనప్పుడు, హైదరాబాదు నాంపల్లికి చెప్పే వివరణను కూడా నిరూపితమైన సత్యంగా కాక, పరిశీలనలో ఉన్న ఊహగా భావించడమే శాస్త్రీయం. అలాగే ‘నాంపల్లి’ ఇంటిపేరుగా ఉన్న కుటుంబాన్ని 1907లో నిర్మించిన రైల్వేస్టేషను ఉన్న నాంపల్లికి ముడిపెట్టడం తొందరపాటు. ఒకే పేరుకు అనేక పుట్టుకలు ఉండవచ్చు.

3. ఇంగ్లండులో ‘పామర్’

ఇంగ్లీషు ఇంటిపేర్లను స్థూలంగా నాలుగు తెగలుగా విభజిస్తారు: ఊరిని లేదా స్థలాన్ని బట్టి వచ్చినవి, వృత్తిని బట్టి వచ్చినవి, తండ్రి పేరును బట్టి వచ్చినవి, వ్యక్తి లక్షణాన్ని బట్టి పెట్టిన మారుపేర్లు. 1066లో నార్మన్ల విజయం తరువాత కులీన కుటుంబాల్లో మొదలైన ఈ అలవాటు క్రమంగా సామాన్యులకు చేరి, సుమారు 1400 నాటికి ఇంగ్లండులో చాలాచోట్ల వంశపారంపర్యంగా స్థిరపడింది. 1538లో చర్చి రిజిస్టర్లు మొదలైన తరువాత సామాన్య కుటుంబాల జాడ తీయడం సాధ్యమైంది.

‘పామర్’ మారుపేర్ల తెగకు చెందినది. పవిత్రభూమికి తీర్థయాత్ర చేసి, దానికి గుర్తుగా తాటిజాతి చెట్టు మట్టను తెచ్చుకున్న యాత్రికుణ్ణి మధ్యయుగ ఇంగ్లీషులో అలా పిలిచేవారు. లాటిన్‌లో ఆ చెట్టుకున్న పేరు ఫ్రెంచి మీదుగా ఈ మాటకు మూలమైంది. కాశీయాత్ర చేసివచ్చిన వ్యక్తిని ఊరివారు ఆ యాత్ర పేరుతోనే గుర్తించడం మనకు కొత్త కాదు. అటువంటి యాత్రికులు ఏ ఒక్క మండలానికో పరిమితం కారు. కాబట్టి ఈ పేరు ఇంగ్లండులో అనేక చోట్ల, పరస్పర సంబంధం లేని కుటుంబాలకు విడివిడిగా ఏర్పడింది. ‘పామర్ వంశం’ అని ఏకవచనంలో మాట్లాడటమే ఇక్కడ పొరపాటు. ఇంటిపేరు పక్కన ఒక కులచిహ్నాన్ని ముద్రించి, ఆ పేరున్నవారందరికీ అది చెందుతుందన్నట్లు రాసే వంశచరిత్రలు ఈ పొరపాటును మరింత పెంచుతున్నాయి. ఇంగ్లీషు సంప్రదాయంలో అటువంటి చిహ్నం ఒక వ్యక్తికి, ఆయన సంతతికి దక్కేది. ఇంటిపేరుకు దక్కేది కాదు.

4. ఒకే ఇంటిపేరు, ఇద్దరు తల్లులు

హైదరాబాదుకు సంబంధించిన పామర్ కుటుంబానికి మూలపురుషుడు జనరల్ విలియం పామర్ (1740–1816). వారన్ హేస్టింగ్స్‌కు సన్నిహితుడైన ఆయన లక్నోలోను, తరువాత పూనాలోను పనిచేశాడు. కరీబియన్ సముద్రంలోని సెయింట్ కిట్స్ దీవికి చెందిన సారా హేజెల్ ఆయన మొదటి భార్య. వారి కుమారుడు జాన్ పామర్ కలకత్తాలో ప్రఖ్యాత వర్తకుడయ్యాడు. అతని వాణిజ్యసంస్థ 1830లో దివాలా తీసింది. భారతదేశంలో జనరల్ పామర్ జీవితాన్ని పంచుకున్న మహిళ ఫైజ్ బక్ష్ బేగం. వారి కుమారుడు విలియం పామర్ 1780లో లక్నోలో జన్మించి, 1867లో హైదరాబాదులో మరణించాడు.

జాన్, విలియం ఇద్దరి ఇంటిపేరూ ఒకటే, తండ్రీ ఒక్కడే. ఇంటిపేర్ల నిఘంటువు వీరిద్దరిలో ఏ భేదాన్నీ చూపదు. కాని నాటి పాలనావ్యవస్థ చూపింది. భారతీయ తల్లికో, తండ్రికో పుట్టిన వ్యక్తిని తమ పౌర, సైనిక ఉద్యోగాలలోకి తీసుకోరాదని 1791లో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు నిర్ణయించారు. కంపెనీ కొలువుకు దూరమైన విలియం నిజాం సైన్యంలో చేరాడు. ఆ తరువాత వడ్డీవ్యాపారంలోకి దిగాడు. విలియం హైదరాబాదుకు ఎందుకు వచ్చాడన్న ప్రశ్నకు ‘పామర్’ అనే పేరులో సమాధానం దొరకదు. తల్లి ఎవరో తెలిస్తేనే ఆ వలస అర్థమవుతుంది.

ఫైజ్ బక్ష్ పూర్తిగా అజ్ఞాతంగా ఏమీ ఉండిపోలేదు. 1780లలో గీసిన పామర్ కుటుంబచిత్రంలో ఆమె మధ్యస్థానంలో కనిపిస్తుంది. విలియం డాల్రింపుల్ 2002లో ప్రచురించిన ‘వైట్ మొఘల్స్’ ఆమెకు గణనీయమైన చోటిచ్చింది. అయినా ఇంటిపేరు వెంట నడిచే వంశవృక్షంలో ఆమె ఒక పేరుగానే మిగులుతుంది. ఆమె పుట్టినింటి చరిత్రకు అక్కడ కొమ్మ ఉండదు.

దీనికి విలోమంగా సాగిన ఉదంతం కూడా అదే పరిసరాల్లో ఉంది. కోఠీ రెసిడెన్సీని కట్టించిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల సంతానం 1805లో ఇంగ్లండుకు పయనమయ్యారు. హైదరాబాదులో సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం అని పిలిచిన ఆ పిల్లలు లండనులో బాప్తిస్మంతో విలియం జార్జ్, కేథరిన్ అరోరా కిర్క్‌పాట్రిక్‌లు అయ్యారు. పామర్ విషయంలో ఇంటిపేరు తల్లిని మరుగుపరిస్తే, ఇక్కడ పిల్లలు పుట్టిన ఊరినే మరుగుపరిచింది.

5. ఉత్తర సర్కారులదాకా చేరిన పేరు

1814 ప్రాంతంలో ఏర్పడిన విలియం పామర్ అండ్ కంపెనీ నిజాం ప్రభుత్వానికి భారీగా అప్పులిచ్చింది. దేశీయ సంస్థానాధీశులకు బ్రిటిష్ ప్రజలు అనుమతి లేకుండా అప్పులివ్వడాన్ని 1797 నాటి చట్టం నిషేధించింది. 1816లో గవర్నర్ జనరల్ మార్క్వెస్ ఆఫ్ హేస్టింగ్స్ ఈ సంస్థకు మినహాయింపునిచ్చాడు. ఆయన సంరక్షణలో పెరిగిన యువతిని పెళ్ళాడిన సర్ విలియం రంబోల్డ్ సంస్థలో భాగస్వామి కావడం గమనార్హం. దివాను చందూలాల్ కాలంలో 1820లో 60 లక్షల రూపాయల ఋణం మంజూరైంది. ఆ ఏడాది చివర రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ ఈ లావాదేవీలను తీవ్రంగా ఆక్షేపించాడు.

ఆ అప్పును తీర్చిన పద్ధతి తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. ఉత్తర సర్కారులను పొందినందుకు కంపెనీ నిజాంకు ఏటా 7 లక్షల రూపాయల పేష్కషు చెల్లించేది. 1823లో ఆ శాశ్వత హక్కును 1,16,66,666 రూపాయలకు మార్చి, ఆ సొమ్మును పామర్ సంస్థ బాకీ తీర్చడానికి వినియోగించారు. నూటికి ఆరు వడ్డీ చొప్పున ఏటా 7 లక్షలు తెచ్చే మొత్తం సరిగ్గా అంతే. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న నేలమీద నిజాంకు మిగిలిన చివరి రాబడి హక్కు ఆ విధంగా ముగిసింది. పేరుకున్న ‘తీర్థయాత్రికుడు’ అనే అర్థానికీ ఈ పరిణామానికీ ఏ సంబంధమూ లేదు.

సంస్థ కూలిపోయినా విలియం పామర్ హైదరాబాదును వదలలేదు. ఆయన కుమార్తె మేరీని 1832లో ఫిలిప్ మెడోస్ టేలర్ వివాహమాడాడు. 1839లో వెలువడిన ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ నవలా రచయిత ఆయనే. ఆ వివాహంతో ఫైజ్ బక్ష్ మనుమరాలు ‘టేలర్’ అయింది. ‘దర్జీ’ అనే అర్థమున్న ఆ వృత్తినామం వెనుక ఢిల్లీ, లక్నో, హైదరాబాదుల చరిత్ర మరొకసారి మరుగైంది.

6. తెలుగు పరిశోధనకు వర్తింపు

తెలుగు ఇంటిపేర్లలో ఊరిపేర్ల నుంచి వచ్చినవి ఎక్కువ. అందువల్ల ఇంటిపేరులోని ఊరిని గుర్తించి, ‘వీరి పూర్వులు అక్కడినుంచి వలస వచ్చారు’ అని రాయడం మన సిద్ధాంతవ్యాసాల్లో పరిపాటి. అదే పేరుతో ఎన్ని ఊళ్ళున్నాయో చూడకుండా, దానపత్రమో, భూమి దస్తావేజో, కైఫియ్యతో సాక్ష్యంగా లేకుండా ఆ వాక్యం రాయడం ఊహను చరిత్రగా నమోదు చేయడమే. నాంపల్లిలో 1985లో వెలసిన తెలుగు విశ్వవిద్యాలయం వంటి సంస్థలు పెంచిన నామపరిశోధన ఇప్పుడు వ్యుత్పత్తి దశను దాటి దస్తావేజుల దశకు చేరవలసి ఉంది.

పెళ్ళితో స్త్రీ ఇంటిపేరు మారే సమాజంలో, ఇంటిపేరును మాత్రమే పట్టుకుని రాసే చరిత్ర పుట్టింటి పేరును నమోదు చేయదు. ఊరు వదలడానికి కారణం మేనమామ ఆదరువో, అత్తింటి భూమో, తల్లి వైపు బంధుత్వమో అయిన కుటుంబాల వలసను అటువంటి చరిత్ర వివరించలేదు. క్షేత్రపరిశోధన ప్రశ్నావళిలో ‘మీ ఇంటిపేరు ఏమిటి?’ అన్న ప్రశ్న పక్కనే ‘మీ తల్లిగారి పుట్టింటి పేరు, ఊరు ఏమిటి?’ అన్న ప్రశ్నను చేర్చడం కష్టమేమీ కాదు. చేర్చకపోవడం వల్ల కలిగే నష్టం ఎంతటిదో పామర్ ఉదంతం చూపుతోంది.

7. ముగింపు

1. పేరు అర్థం పేరు పుట్టుకను మాత్రమే సూచిస్తుంది. దాన్ని ధరించిన కుటుంబం వృత్తినిగాని, మతాన్నిగాని, స్వస్థలాన్నిగాని నిరూపించదు.
2. ఒకే ఇంటిపేరుకు అనేక స్వతంత్ర మూలాలు ఉండవచ్చు. అందుకు ఇంగ్లండులో ‘పామర్’, తెలంగాణలో ‘నాంపల్లి’ తగిన ఉదాహరణలు.
3. వలసకు కారణం చాలాసార్లు ఇంటిపేరుకు వెలుపల, చట్టంలోను, కొలువులోను, వివాహంలోను ఉంటుంది.
4. తల్లి వైపు సమాచారం లేని ఇంటిపేరు చరిత్ర సగం చరిత్ర.

విలియం పామర్ ఎనభైయేడేళ్ళ జీవితానికి ఆయన ఇంటిపేరు ఒక శీర్షిక వంటిది. శీర్షికను చదివి గ్రంథాన్ని చదివామనుకోకపోవడమే ఇంటిపేర్ల పరిశోధకుడు పాటించవలసిన మొదటి నియమం.