నాలుగు నిమిషాలు ఎవరూ పాడని పాట

టెంప్టేషన్స్ 1972లో పాడిన ‘పాపా వాజ్ ఎ రోలిన్ స్టోన్’ ఆల్బమ్ వెర్షన్ పెట్టండి. దాదాపు 4 నిమిషాల దాకా ఎవరూ నోరు విప్పరు. బేస్ గిటార్ మీద తిరిగి తిరిగి అవే కొన్ని స్వరాలు, హై-హ్యాట్, వా-వా గిటార్, ఎక్కడో ట్రంపెట్. అంత పేరున్న గాయకుల్ని అంతసేపు బయట నిలబెట్టాడు ప్రొడ్యూసర్ నార్మన్ విట్‌ఫీల్డ్. వాళ్ళకది నచ్చలేదు, ‘మై గర్ల్’ లాంటి మెత్తటి ప్రేమపాటలు కావాలన్నారు. వాళ్ళ గోడు న్యాయమే. కానీ ఈ ఒక్క పాట వరకూ నేను విట్‌ఫీల్డ్ పక్షం.

చనిపోయిన తండ్రి గురించి జనం అనేవన్నీ నిజమేనా అని కొడుకులు తల్లిని అడుగుతుంటారు. డెనిస్ ఎడ్వర్డ్స్ బొంగురుగా, డేమన్ హారిస్ సన్నగా, మెల్విన్ ఫ్రాంక్లిన్ పాతాళంలోంచి. గొంతులు మారతాయి, జవాబు మారదు. పైగా తల్లి చెప్పే ఆ జవాబుని కోరస్‌లో పాడేదీ ఈ కొడుకులే, అందరూ కలిసి! ఎన్నిసార్లు విన్నారో, కంఠతా వచ్చేసింది. పాట మొత్తం ఒకే మైనర్ కార్డ్ మీద నడుస్తుంది. మామూలుగా కోరస్‌లో కార్డ్ మారినప్పుడు దొరికే ఊరట ఇక్కడ లేదు. తల్లీ కదలదు, సంగీతమూ కదలదు.

సింగిల్ కోసం దీన్ని 7 నిమిషాలకి కోశారు. డిసెంబర్‌లో అమెరికాలో నంబర్ వన్ అయ్యింది అదే. రేడియోకి అది సరే. నాకు మాత్రం 12 నిమిషాలదే కావాలి. తల్లిని ఇలాంటి మాట అడగడానికి ధైర్యం తెచ్చుకోవాలంటే ఆపాటి టైమ్ పడుతుంది.