నీతివాక్యామృతమున దూతలక్షణము

వేములవాడ చాళుక్యుల పేరు వినినంతనే మన పరిశోధకులకు పంపకవియు, కుఱిక్యాల బొమ్మలగుట్టపై జినవల్లభుడు చెక్కించిన కందపద్యములును స్మరణకు వచ్చును. కన్నడాంధ్రభాషలు రెండింటికిని ఆ రాజవంశము చేసిన మేలు పలువురిచే ప్రశంసింపబడినది. ఆ వంశము నాశ్రయించిన మఱియొక విద్వాంసుని రాజనీతిగ్రంథము మాత్ర మంతటి యాదరమునకు నోచుకొనలేదు. అది సోమదేవసూరి సంస్కృతమున రచించిన నీతివాక్యామృతము. ముప్పదిరెండు సముద్దేశములుగల యా గ్రంథమున పదుమూడవది దూతసముద్దేశము. దాని గుణదోషముల నించుక విమర్శించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట గ్రంథము ఏ దేశమునకు జెందిన దను ప్రశ్నమును తీర్చుకొనవలెను. సోమదేవుడు యశస్తిలకచంపువును శకవర్షము 881, అనగా క్రీ. శ. 959లో, రెండవ అరికేసరి పుత్రుడగు వాగరాజు కాలమున గంగధారయందు ముగించెను. ఆ గంగధార నేటి కరీంనగరమండలములోని గంగాధరయే యని పలువురు చరిత్రకారుల మతము. నీతివాక్యామృతము తుదిగద్యమున యశోధరచరిత్రము తన పూర్వకృతులలో నొకటిగా చెప్పబడినది గావున, ఈ గ్రంథ మా చంపువునకు తరువాతిది. శకవర్షము 888, అనగా 966లో, మూడవ అరికేసరి లేంబులపాటకమున, అనగా వేములవాడలో, తన తండ్రి కట్టించిన శుభధామజినాలయము నిమిత్తము సోమదేవునకు సబ్బి వేయింటిలోని యొక గ్రామమును దానమిచ్చినట్లు పర్భణీ తామ్రశాసనము చెప్పుచున్నది. వ్యాఖ్యాత యొకడు ఈ నీతిగ్రంథము కన్యాకుబ్జ ప్రభువుకొఱకు రచింపబడినదని వ్రాసెను. కాని 959లో గంగధారయందును, 966లో వేములవాడయందును కానవచ్చుచున్న పండితుని, నడుమ ఉత్తరదేశమునకు పంపుటకు వ్యాఖ్యాత మాటకంటె బలవత్తరమైన సాక్ష్యము కావలయును. శాసనసాక్ష్యము వ్యాఖ్యానసాక్ష్యముకంటె బలీయము గనుక, గ్రంథము సబ్బినాటిదే యనుట యుక్తము.

ఇక దూతసముద్దేశమును జూతము. దూరమున నున్న కార్యములందు దూతయే మంత్రి యని సోమదేవుడు నిర్వచించినాడు. ఈ చిన్న నిర్వచనమున నొక పెద్ద యాశయము కలదు. దూత వార్తలు మోయు సేవకుడు కాడు. రాజు కన్ను చేరని చోట రాజు తరఫున నాలోచించువాడు. పిదప నాతడు దూతలను నిసృష్టార్థుడు, పరిమితార్థుడు, శాసనహరుడు నని మూడు తెగలుగా విభజించెను. ఈ పేళ్లు కౌటిల్యునివే. కాని విభాగమునకు గల యాధారము వేఱు. అర్థశాస్త్రమున అమాత్యగుణములు సంపూర్ణముగా గలవాడు మొదటివాడు, నాల్గవపాలు తక్కువైనవాడు రెండవవాడు, సగము తక్కువైనవాడు మూడవవాడు. ఇది యోగ్యతను తూచిన తూనిక. సోమదేవుడు యోగ్యతను విడిచి అధికారమును తూచెను. ఎవడు కుదిర్చిన సంధియు, తెచ్చిన విగ్రహమును ప్రభువునకు ప్రమాణమగునో వాడే యాతని మతమున నిసృష్టార్థుడు.

దీనికి సోమదేవు డిచ్చిన దృష్టాంతము పాండవుల పక్షమున శ్రీకృష్ణుడు. తిక్కనగారి యుద్యోగపర్వమును చదివిన తెలుగువారి కీ దృష్టాంతము మిక్కిలి రుచించును. అందు ద్రుపదపురోహితుడు, సంజయుడు, కృష్ణుడు, ఉలూకుడు వరుసగా రాయబారములు నడపుదురు. ఉలూకుడు దుర్యోధనుని మాటలను ఉన్నవున్నట్లుగా వల్లించును. అతడు కేవల శాసనహరుడు. సంజయుడు ధృతరాష్ట్రుడు గీచిన గిరి దాటలేడు; అతడు పరిమితార్థుడు. కృష్ణుడో, సంధి చెడిన పిదప ఎవ్వరి యనుమతియు కోరక కర్ణుని ఏకాంతమున గలిసి, జన్మరహస్యము తెలిపి, పాండవపక్షమునకు రమ్మనెను. పరమర్మవేదిత్వము దూతగుణమని సోమదేవుడు చెప్పినదానికి ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు. మఱియొక విశేషము: కృష్ణరాయబారము ఫలింపలేదు. ఫలింపని రాయబారము నడపినవానిని ఉత్తమదూతగా నెన్నుటలో శాస్త్రకారుని యభిప్రాయము స్పష్టము. దూతను ఫలమునుబట్టి గాక, అతనియందు ఉంచబడిన నమ్మకమునుబట్టియు, దాని నతడు వినియోగించిన తీరునుబట్టియు కొలువవలెను.

ఇట్టి లక్షణము కాలదేశములకు లోబడినదా, లోబడనిదా యని పరీక్షింప దలచినచో సంస్కృతశాస్త్రముల వాసన లేని దేశము నొకదానిని గైకొనుట మంచిది. బ్రెజిలు అట్టిది. ఆ దేశపు సరిహద్దులలో పెక్కులు మధ్యవర్తుల తీర్పులవలనను, సంధులవలనను నిర్ణయింపబడినవి. 1895లో అర్జెంటీనాతోను, 1900లో ఫ్రాన్సుతోను గల తగవులందు బ్రెజిలు వాదమును గెలిపించినవాడు రియో బ్రాంకో బిరుదాంకితుడగు పరాన్యోసు. అతడు 1902 మొదలు 1912 వఱకు విదేశాంగమంత్రియై, 1903లో బొలీవియాతో సంధిచేసి ఆక్రి ప్రాంతమును సాధించెను. అతని శతజయంతినాడు, 1945లో, అతని పేర స్థాపింపబడిన విద్యాసంస్థయే నేటికిని ఆ దేశపు దౌత్యోద్యోగమునకు ద్వారము. ఏ శాస్త్రమందైనను పట్టభద్రుడైనవాడు పోటీపరీక్షలో నెగ్గి, మూడవ కార్యదర్శిగా చేరి, మెట్టు మెట్టుగా నెక్కి ప్రథమశ్రేణి మంత్రిపదవి నందుకొనవచ్చును. పరీక్షచే గుణములను తూచుట కౌటిల్యమార్గము. ఉద్యోగి పైకెక్కినకొలది అధికారమును పెంచుట సోమదేవమార్గము. రెండు మార్గములును అచ్చట నొక్కటియైనవి. ఇంతవఱకు మన గ్రంథము పరీక్షకు నిలిచినది.

నిలువనిచోటును జెప్పక తప్పదు. స్వామిభక్తి, వ్యసనరాహిత్యము, దక్షత, శుచిత్వము, ప్రాగల్భ్యము, ప్రతిభ, క్షమ మున్నగు గుణముల బట్టికను సోమదేవుడు జాతితో ముగించెను. దూతలలో అంత్యజులైనను అవధ్యులే యని కౌటిల్యుడు చెప్పియున్నాడు. అనగా నట్టి దూతలు లోకమున గలరనియే కదా! శాస్త్రము కోరిన జాతిని లోకవ్యవహార మంతకుముందే దాటినది. బ్రెజిలు చరిత్రమందును ఇట్టి యడ్డుగోడ యొకటి లేచి కూలినది. 1918లో మరియా జొజె ది కాస్ట్రో రెబెల్లో మెండెస్ అను వనిత పోటీలో ప్రథమస్థానమును గెలిచి ఉద్యోగమున ప్రవేశించెను. 1938లో స్త్రీలకు తలుపు మూయబడి, 1954లో మరల తెఱవబడినది. మన దేశమున ముత్తమ్మగారు 1949లో విదేశాంగసేవలో చేరిన తొలి మహిళ. ఆ సేవానియమములందలి స్త్రీపురుషభేదమును 1979లో సర్వోన్నతన్యాయస్థానము ఆమె వ్యాజ్యమున గర్హించినది. కావున జాతిగుణమును నేటి పాఠకుడు వదలుకొనవచ్చును.

స్వామిభక్తి యట్లు వదలదగినది కాదు. కాని దానిని బట్టికలో మొదట నిలిపిన శాస్త్రకారుడు, ప్రభువాజ్ఞ ధర్మమునకు విరుద్ధమైనచో దూత యేమి చేయవలెనో ఆ సముద్దేశమున చెప్పలేదు. ఫ్రాన్సులో బ్రెజిలు రాయబారియైన సౌజా దాంతాసు 1940లో తన ప్రభుత్వపు నిషేధమును మీఱి, నాజీలబారినుండి పాఱిపోవుచున్న యూదులు మున్నగువారికి వందలకొలది ప్రవేశపత్రము లిచ్చెను. ఆతని నేమందుము? స్వామిద్రోహి యందుమా, ఉత్తమదూత యందుమా? ఇజ్రాయేలులోని యాద్ వషేం సంస్థ 2003లో ఆతని ధర్మాత్ములలో నొకనిగా గౌరవించినది.

ఈ ప్రశ్నమునకు సమాధానము సోమదేవుని పోషించిన వంశచరిత్రమందే కలదు. రాష్ట్రకూట చక్రవర్తి నాలుగవ గోవిందుడు తన శత్రువగు విజయాదిత్యు నప్పగింపుమనగా, సామంతుడైన రెండవ అరికేసరి శరణాగతుని విడువక చక్రవర్తి నెదిరించినట్లు పంపకవి 941 నాటి విక్రమార్జునవిజయమున కీర్తించెను. సామంతుడే స్వామిభక్తిని శరణాగతరక్షణముకంటె తక్కువగా నెంచిన రాజ్యమది. ఆ వంశపు టాశ్రయమున నుండి వ్రాసిన సోమదేవుడు ఆ యనుభవమును సూత్రముగా మలచియుండినచో దూతసముద్దేశము కౌటిల్యుని ప్రకరణమును మించియుండెడిది. పంపకవి కావ్యమున జెప్పినదానిని సోమదేవుడు శాస్త్రమున విడిచెను. ఇదియే యీ సముద్దేశమున మాకు దోచిన ముఖ్యలోపము.

లోపమున్నను గ్రంథము గ్రాహ్యమే. వేములవాడ నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలోనిది. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల కళాశాలలలో చదువుకొను బాలబాలికలకు దౌత్యోద్యోగము దూరపుకొండవలె తోచుట సహజము. అఖిలభారత పోటీపరీక్షను తెలుగున వ్రాయుటకును, తెలుగు సాహిత్యమును ఐచ్ఛికవిషయముగా గైకొనుటకును నేడు వీలున్నది. తమ యూరి చేరువనే వెయ్యేండ్లక్రిందట దూతధర్మము విచారింపబడినదని వారికి తెలియుట మేలు. దూతసముద్దేశమును మాత్రమైనను వేఱుగా గైకొని, మూలము, సరళమైన తెలుగు తాత్పర్యము, ఉద్యోగపర్వమునుండి దృష్టాంతములు చేర్చి, చిన్నపొత్తముగా వెలయింప దగును. అందు జాతిగుణమునుగూర్చియు, స్వామిభక్తి పరిమితినిగూర్చియు విమర్శ యుండవలెను. వట్టి ప్రశంసతో వెలువడిన పొత్తము బాలురకు పూర్వులయెడ గర్వమును గలిగించునే కాని, ప్రభువాజ్ఞకును ధర్మమునకును నడుమ నిలువవలసిన దినమున వారికి తోడ్పడదు. సంస్కృతాంధ్రములు రెండు నెఱిగిన విద్వాంసు లీ పనికి పూనుకొందురు గాక.