రోజుకు మూడు లీటర్ల గోదావరి

పొద్దున లేచాక కాఫీ కంటే ముందు నేను చూసేది మా హాల్లోని గాజుతొట్టి మీద గీసుకున్న ఎర్రగీతని. నీటిమట్టం ఆ గీతకు ఎంత దిగువకు జారిందో చూసి, వంటింట్లో ఆర్వో కింద నింపి పెట్టిన క్యాను తెచ్చి, మట్టం మళ్లీ గీతను తాకేదాకా సన్నధారగా పోస్తాను. మామూలు రోజుల్లో మూడు లీటర్లు పడుతుంది, రాజమహేంద్రవరం ఎండల్లో అయితే నాలుగు. మా కుళాయిలో వచ్చేది గోదావరి నీరు కాబట్టి తొట్టిలోకి వెళ్లేదీ గోదావరే. తొట్టిలో ఉన్నది మాత్రం సముద్రం.

రెండేళ్ల కిందటి వరకు అది మంచినీటి తొట్టి. నాలుగడుగుల పొడవు, 250 లీటర్ల నీరు, గప్పీలు, ఏంజెల్ చేపలు. ఒకసారి విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారుజామున వెళ్లినప్పుడు, వలలోంచి ఏరి పక్కన పడేసిన చేపల మధ్య ఒక లయన్ ఫిష్ కనిపించింది. ఒళ్లంతా ఎర్రటి, తెల్లటి చారలు. ప్రాణం పోయినా రెక్కలు విసనకర్రలా విచ్చుకునే ఉన్నాయి. చెయ్యి చాపబోతే పక్కనే వల దులుపుతున్న పెద్దాయన "ముట్టకండి బాబూ, ముల్లు ఇసం" అని ఆపాడు. దాన్ని బతికుండగా చూడాలనీ, దాని వెనక పగడాలు ఊగుతుండాలనీ ఆ రోజే అనుకున్నాను.

ఉన్న తొట్టిలో ఉప్పు కలిపితే సరిపోతుందా అని ఇంటికొచ్చినవాళ్లు అడుగుతుంటారు. మంచినీటి చేప ఒంట్లోని ద్రవం బయటి నీటికన్నా ఉప్పగా ఉంటుంది. అందుకని నీరు ఊరికే లోపలికి ఊరుతుంటుంది, చేప దాన్ని మూత్రంగా వదిలేస్తుంటుంది. సముద్రపు చేపది దీనికి తలకిందులు. నీరు ఒంట్లోంచి బయటికి పోతుంటే అది ఉప్పునీరే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల్లోంచి నెట్టేస్తుంది. ఈ రెండు విద్యలూ తెలిసిన చేప మనకొకటుంది. కడలిలో విలసగా ఉండి, వరదకి ఎదురీది గోదావరిలోకి వచ్చేసరికి పులస అవుతుంది. నా గప్పీలు అంతటివి కావు. వాటిని పక్కింటి పిల్లాడి తొట్టికి పంపేసి, నాది పూర్తిగా ఖాళీ చేశాను.

అడుగున ఉన్న రంగురాళ్లు తీసేసి సున్నపు గుణమున్న తెల్ల ఇసుక పరిచాను. లీటరుకు 35 గ్రాముల చొప్పున దాదాపు తొమ్మిది కిలోల ఉప్పు పట్టింది. అది వంటింటి ఉప్పు కాదు. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం సముద్రంలో ఏ పాళ్లలో ఉంటాయో ఆ పాళ్లలో కలిపి అమ్మే మిశ్రమం. డ్రమ్ముల్లో ఆర్వో నీటిలో వేసి, మోటారుతో రోజంతా తిప్పి, సాంద్రత 1.025 వచ్చాక తొట్టిలో పోశాను.

తర్వాత ఆరు వారాలు తొట్టి ఖాళీగానే ఉంది. చేపల మలమూత్రాల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది, అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మార్చాలి. ఈ సంసారం స్థిరపడటం అచ్చం పాలు తోడుకోవడం లాంటిదే. తొందరపడి కదిపితే చెడుతుంది. మంచినీటి ఫిల్టర్‌లోని పాత తోడు ఈ పాలకు పనికిరాదు, ఉప్పునీటికి అలవాటైన కొత్త తోడు కావాలి. రోజూ పరీక్షనాళికలో నీటి చుక్కల రంగు చూసుకుంటూ గడిపాను. అమ్మోనియా పెరిగి పడిపోయింది, నైట్రైట్ పెరిగి పడిపోయింది. ఆ తర్వాతే ఆరు నత్తలు తెచ్చి వదిలాను.

వాటిని చంపుకున్నది నేనే. నీటిమట్టం తగ్గినప్పుడల్లా, తొట్టిలో ఉన్నది ఉప్పునీరే కదా అని ఉప్పు కలిపిన నీరే పోస్తూ వచ్చాను. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, ఉప్పు ఎక్కడికీ పోదు. రోజుకు మూడు లీటర్ల చొప్పున రెండు వారాల్లో దాదాపు కిలోన్నర ఉప్పు అదనంగా చేరింది. నత్తలు ఒక్కొక్కటే అద్దాన్ని వదిలి ఇసుకలో వెల్లకిలా పడ్డాయి. అప్పుడు కొలిస్తే సాంద్రత 1.029 ఉంది. రోజూ కాస్త ఉప్పునీరు తోడేసి మంచినీరు కలుపుతూ వారం రోజులకు సరిచేశాను గాని, ఆరింటిలో నాలుగు పోయాయి. ఎర్రగీత గీసింది ఆ రోజే.

లయన్ ఫిష్‌ని చెన్నై కొళత్తూరు బజారు నుంచి తెచ్చుకున్నాను. పెద్దజాతి అడుగు దాటి పెరుగుతుంది, నా తొట్టి చాలదు. ఇది జానెడు దాటని పొట్టి రకం. మొదట్లో బతికున్న రొయ్యపిల్లల్ని తప్ప దేన్నీ ముట్టలేదు. గింజంత పచ్చిరొయ్య ముక్కను పొడుగాటి ప్లాస్టిక్ పుల్లకు గుచ్చి, బతికున్నట్టు వణికించేవాణ్ణి. అది రెక్కలు విప్పి, తల దించి, ముక్కను ఓ మూలకు తరుముతూ దగ్గరికొచ్చి, ఆగి, తేరిపార చూసి వెళ్లిపోయేది. ఇరవయ్యో రోజున అలాగే వచ్చి ఆగింది. నోరు తెరవడం నా కళ్లకు అందలేదు, పుల్ల మాత్రం ఖాళీగా ఉంది. ఆ రాత్రి ఇంట్లో అందరినీ లేపి చెప్పాను. దానికి విషపుముళ్లు ఉన్నాయి కాబట్టి తొట్టిలో చెయ్యి పెట్టేముందు అది ఎక్కడుందో చూసుకుంటాను, ఫ్లాస్కులో వేడినీళ్లు సిద్ధంగా ఉంచుకుంటాను. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో చెయ్యి ముంచి ఆసుపత్రికి పరుగెత్తాలి. పెంచలేకపోయినా దాన్ని బయటి నీళ్లలో వదలకూడదు. మన సముద్రాల పెద్దజాతి లయన్ ఫిష్ 1985లో ఫ్లోరిడా తీరంలో కనిపించి, ఇప్పుడు కరేబియన్ అంతా పాకి అక్కడి చిన్న చేపల్ని తినేస్తోంది. తొట్టెల నుంచి వదిలినవే దానికి మూలమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

పగడాల కోరిక మాత్రం తీరలేదు, తీర్చుకోలేదు. లయన్ ఫిష్ పగడాన్ని కొరకదు. కానీ వేటచేప తిన్నంతగా వదిలే వ్యర్థం వల్ల నైట్రేటు, ఫాస్ఫేటు పెరిగి, పగడాన్ని నాచు కమ్మేస్తుంది. పగడానికి తేటనీరు కావాలి. తన ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో వండిపెట్టేదే దానికి ప్రధాన ఆహారం. వేడి ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే చాలు, ఆ శైవలాలు వెళ్లిపోతాయి, పగడం పాలిపోతుంది. మన్నార్ సింధుశాఖలో 1998, 2010, 2016 సంవత్సరాల్లో అదే జరిగింది. మా ఇంట్లో ఏప్రిల్‌లో కరెంటు మూడు గంటలు పోతే నీటి వేడి ఎంత పెరుగుతుందో కొలిచి చూసుకున్నవాణ్ణి, ఆ ప్రమాదంలోకి ఒక ప్రాణిని తేలేను. అన్నిటికీ మించి, 2001 నుంచి మన దేశంలో గట్టి పగడాలన్నిటికీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది, పులికి ఉన్నట్టే. ఒక దుకాణంలో లోపలి గదిలోకి పిలిచి అరచేతిలో పట్టేంత పగడపు ముక్క చూపించారు. ఎన్నేళ్లు పడితే అంత పెరిగిందో తలచుకుని బయటికి వచ్చేశాను.

1846లో ఆనా థిన్ అనే ఆవిడ ఇంగ్లండ్ తీరంలోని టార్కీ నుంచి పగడాలను లండన్‌లోని తన ఇంటికి తెచ్చుకుంది. నీటికి గాలి అందాలని పనిమనిషి చేత రోజూ తెరిచిన కిటికీ దగ్గర, వేడిపాలు తిరగబోసినట్టు, ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పోయించేది. అలలు చేసే పని ఆ అమ్మాయి చేతులు చేశాయి. నా తొట్టిలో ఆ పని మోటారు చేస్తుంది. నురుగుతో మురికిని ఒడ్డుకు నెట్టే పని స్కిమ్మర్ చేస్తుంది. నది పని మాత్రం నాది.

అందుకే ఒక మాట నాకిప్పుడు వినబుద్ధి కావడం లేదు. వరదలొచ్చిన ప్రతి ఏడూ ఇన్ని టీఎంసీలు "వృథాగా సముద్రంలో కలిశాయి" అంటాం, నేనూ అన్నాను. పొలానికి నీరందని రైతు బాధ నిజం, ఆ నీటి కోసం అడిగే హక్కు ఆయనకుంది. కానీ బంగాళాఖాతం పైనీరు అరేబియా సముద్రమంత ఉప్పగా లేకపోవడానికి కారణం ఇక్కడ కలిసే నదులూ, కురిసే వానలూ. పులస దారి వెతుక్కునేది ఆ కలిసే చోటే.

మొన్న అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు మీద నిలబడ్డాను. ఒక పక్క వశిష్ఠ గోదావరి బురదరంగు, మరో పక్క సముద్రపు నీలం. త్ర్యంబకం నుంచి 1,465 కిలోమీటర్లు నడిచొచ్చిన నది అక్కడితో అయిపోతుందని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఈసారి ఆ నీళ్లు గీత దాకా చేరేంతసేపు అక్కడే ఉండాలనిపించింది.