రమల్లా కచేరీ: కూర్పులోని పనితనం

2005 ఆగస్టు 21న పాలస్తీనా నగరం రమల్లాలో వెస్ట్-ఈస్టర్న్ దివాన్ ఆర్కెస్ట్రా కచేరీ చేసింది. వాయించినవాళ్లు ఇజ్రాయెల్ నుంచీ అరబ్బు దేశాల నుంచీ వచ్చిన యువ వాద్యకారులు, వాళ్లతో కొందరు స్పెయిన్ వాళ్లు. దాన్ని రాజకీయ సంఘటనగా మెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ రికార్డింగు వింటున్నప్పుడల్లా నా మనసు మాత్రం దాని కూర్పు మీదికే పోతుంది. ఏ కృతిని ఎంచుకున్నారు, ఎవరి చేత వాయింపజేశారు, దేని తర్వాత దేన్ని పెట్టారు అన్నదాంట్లో చాలా గొప్ప పనితనం ఉంది.

ఈ బృందాన్ని 1999లో జర్మనీలోని వైమార్‌లో ఇద్దరు మిత్రులు మొదలుపెట్టారు. ఒకరు ఇజ్రాయెల్‌లో పెరిగిన పియానో విద్వాంసుడు, సంగీత నిర్దేశకుడు డేనియల్ బారెన్‌బోయిమ్. ఇంకొకరు జెరూసలేంలో పుట్టిన పాలస్తీనా మేధావి ఎడ్వర్డ్ సయీద్. పారశీక కవి హాఫిజ్‌ను చదివి కదిలిపోయిన గోథే 1819లో అచ్చువేసిన కవితా సంపుటి పేరే బృందానికి పెట్టుకున్నారు. గోథే బతికిన ఊరు వైమార్. నాజీల బూహెన్‌వాల్ట్ నిర్బంధ శిబిరం ఉన్నది కూడా ఆ ఊరి పక్కనే.

పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో తీగవాద్యాల వాళ్లు ఇద్దరేసి ఒక స్టాండు ముందు కూర్చుంటారు. ఇద్దరికీ ఒకటే స్వరప్రతి. మన కచేరీలో వయొలిన్ విద్వాంసుడికి తన కమాను, తన మనోధర్మం ఉంటాయి. అక్కడ అలా కుదరదు. కమాను పైకి పోవాలా కిందికి రావాలా అన్నది పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, ఇద్దరూ ఒకే పొడవు, ఒకే ఒత్తిడి పాటించాలి. పుట చివరికి వచ్చేసరికి ఒకరు వాయించడం ఆపి పుట తిప్పుతారు, రెండోవారు ఆగకుండా వాయిస్తూ పోతారు. దివాన్‌లో అలాంటి ఒక స్టాండు ముందు ఒక ఇజ్రాయెలీనీ ఒక అరబ్బునూ కూర్చోబెట్టారు. తర్వాత వాళ్లు ఏం వాదించుకున్నా, ఆ సాయంత్రానికి ఆ స్వరం ఇద్దరిదీ ఒక్కలా పలకాల్సిందే. ఉపన్యాసాలతో సాధ్యం కాని పని ఇది అని నా నమ్మకం.

రమల్లాకు చేరడమే కష్టం. ఇజ్రాయెల్ పౌరులు ఆ నగరంలోకి పోకూడదని వాళ్ల దేశపు చట్టం. సిరియా, లెబనాన్ వాళ్లేమో ఇజ్రాయెల్ అదుపులోని నేల మీద అడుగు పెట్టకూడదు. స్పెయిన్ ప్రభుత్వం అందరికీ దౌత్య పాస్‌పోర్టులు ఇస్తేగానీ కచేరీ జరగలేదు.

మొదట ఎంచుకున్నది మొజార్ట్ పేరున ఉన్న ‘సిన్ఫోనియా కాన్‌చెర్టాంటే’. అది నిజంగా ఆయన రచనేనా అని పండితులు ఇంకా తర్కించుకుంటున్నారు, దాని అందానికి ఆ తగవుతో పని లేదు. ఒక్కరు ముందు నిలబడి మెప్పించే కృతి కాదది. నలుగురు ఊదేవాళ్లు సరిసమానంగా ముందుకు రావాలి. ఆ రోజు ఓబో ఈజిప్టు వాద్యకారుడిది, క్లారినెట్ సిరియా వాద్యకారుడిది. హార్న్, బసూన్ ఇజ్రాయెలీల చేతుల్లో ఉన్నాయి. మూడో భాగంలో ఒక చిన్న వరుసను తీసుకుని పదిసార్లు పదిరకాలుగా అల్లుతారు. ఒక్కో అల్లికలో ఒకరో ఇద్దరో పైకి తేలితే, మిగిలినవాళ్లు గొంతు తగ్గించి కింద ఆధారం పట్టుకుంటారు. ఎప్పుడు తగ్గాలో తెలిసినవాడే అక్కడ మంచి వాద్యకారుడు. ఎదుటివాడు తన వాక్యాన్ని ఎంత మెత్తగా ముగించాడో విని, అంతే మెత్తగా అందుకోవాలి. రెండో భాగంలో ఆ అందుకోవడం ఇంకా సూక్ష్మం. అంత నెమ్మది లయలో శ్వాస ఏమాత్రం తడబడినా దాచుకోవడానికి చోటుండదు.

తర్వాత బీథోవెన్ ఐదో సింఫనీ. అందరికీ తెలిసిన ఆ నాలుగు స్వరాల ముందు ఒక చిన్న విరామం ఉందన్నది చాలామంది గమనించరు. మన సంగీతంలో అనాగత గ్రహం అంటామే, అలా తాళం పడ్డాక రవ్వంత ఆగి ఎత్తుకోవాలి. వినిపించని ఆ అరమాత్రను అంతమందీ ఒకేలా లెక్కపెట్టకపోతే మొదటి దెబ్బే చెదురుతుంది. మూడో భాగం నుంచి నాలుగోదానికి పోయే వంతెన మరీ కష్టం. తీగవాద్యాలు అతి మెల్లగా ఒక స్వరాన్ని పట్టుకుని ఉంటాయి, కింద టింపనీ గుండెలా కొట్టుకుంటుంది. ఆపకుండా అక్కడి నుంచే పెరుగుతూ పోయి, సీ-మేజర్ వెలుగులోకి ఒక్కసారిగా తెరుచుకుంటుంది. అంతవరకూ నోరు విప్పని ట్రాంబోన్లు అప్పుడే మొదటిసారి పలుకుతాయి.

చివర ఎల్గర్ ‘నిమ్రాడ్’. 1899 నాటి ఆ చిన్న రచన, తనను నిరాశలో నిలబెట్టిన జర్మన్ మిత్రుడికి ఒక ఆంగ్లేయ స్వరకర్త గీసిన చిత్రం. సయీద్ 2003లోనే కన్నుమూశాడు. స్నేహితుడు లేని వేదిక మీద బారెన్‌బోయిమ్ ఈ రచనను ఎంచుకోవడం ఎంత తగిన పనో వేరే చెప్పాలా? శృతి కూడా చూడండి. మొజార్ట్ కృతిలో మూడు భాగాలూ ఈ-ఫ్లాట్ మేజర్‌లోనే, నిమ్రాడ్ కూడా అందులోనే.

ఈ బృందాన్ని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. ఆక్రమణ కొనసాగుతుండగా కలిసి వాయిస్తే అన్నీ సవ్యంగా ఉన్నట్టు కనిపిస్తుందని పాలస్తీనా బహిష్కరణ ఉద్యమకారుల వాదన. దాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. ఇది శాంతి తెచ్చే బృందం కాదనీ, ఒకరినొకరు ఎరగనితనానికి వ్యతిరేకంగా చేస్తున్న ప్రయత్నమనీ బారెన్‌బోయిమే చెబుతూ వచ్చాడు. 2016లో బెర్లిన్‌లో తెరిచిన బారెన్‌బోయిమ్-సయీద్ అకాడమీలో సంగీత విద్యార్థులు తత్త్వశాస్త్రం, చరిత్ర కూడా చదవాలి. కమాను గుర్తులు కలిపి పెట్టుకునే పనీ, ఎదుటివారి చరిత్రను తెలుసుకునే పనీ అక్కడ ఒకే కప్పు కింద నడుస్తున్నాయి.