యూదుల దానధర్మము

దానమును గూర్చి మాటలాడునపుడు మనము సాధారణముగా దాత హృదయమును, ఆతని ఔదార్యమును, ఆతనికి చేకూరు పుణ్యమును ప్రశంసింతుము. పుచ్చుకొన్నవాని ముఖమప్పుడెట్లుండెనో, ఆ సొమ్ము ఒక చేతినుండి వేఱొక చేతికి వచ్చులోపల ఎవరెవరి వ్రేళ్ల సందున జారిపోయెనో విచారించుట అరుదు. తోరా యను తమ ధర్మగ్రంథపు విధులను శిరసావహించు యూదుల ధర్మశాస్త్రజ్ఞులు ఈ రెండవ విచారమునందే శతాబ్దములు గడపిరి. మనసు కరగినపుడు ఇచ్చుట, కరగనపుడు మానుట వారికి సమ్మతము గాదు. దానము విధి, దానిని నిర్వర్తింపనివానినుండి నిర్బంధముగానైనను రాబట్టవచ్చును. ఆ విధుల చర్చాగ్రంథమగు తాల్ముదులోని పండితుడు రావా, రబ్ నాథాన్ బర్ అమ్మి యను ధనికునిచే పేదలకొఱకు 400 జూజులు (వెండి నాణెములు) బలవంతముగా ఇప్పించెనని ఆ గ్రంథమే చెప్పుచున్నది.

ఈ శాస్త్రమునకు మొదటి పాఠశాల పొలము. కోతకాలమున చేని అంచును కోయక విడువవలెననియు, రాలిన వెన్నులను తిరిగి ఏఱుకొనరాదనియు, మఱచి వచ్చిన పనకొఱకు మరలిపోరాదనియు లేవీయకాండ ద్వితీయోపదేశకాండములు ఆజ్ఞాపించినవి. బైబిలులో బోయజు చేనిలో రూతు పరిగె యేఱుకొన్న కథ పలువురెఱిగినదే. పరిగె యననేమో తెలుగు పల్లెలకు వివరింప నక్కఱలేదు. క్రీ.శ. 200 ప్రాంతమున కూర్పబడిన మిష్నా యను స్మృతిగ్రంథమున ‘పేఆ’ అను ప్రకరణము ఈ విధులకై ప్రత్యేకింపబడినది. విడిచిన అంచు పంటలో అఱువదవ వంతునకు తగ్గరాదని అందొక నియమము. అయితే ఆ ప్రకరణపు సూక్ష్మత ఈ పరిమాణములో లేదు. అంచును ఏ పేద కోసికొనవలెనో నిర్ణయించు స్వాతంత్ర్యము యజమానునకు లేదు. ఒకనిని రానిచ్చి మఱియొకనిని వారించినను, తనకిష్టుడైన వానికి ఏఱుటలో సాయపడినను, ఆతడు పేదల సొత్తును అపహరించినవాడే యగును. అంచును చేని చివరనే విడువవలెననుటకు రబ్బీ షిమియోన్ చెప్పిన కారణములు వినదగినవి: నడుమ విడిచినచో, ఎవ్వరును లేని వేళ చూచి తన చుట్టమును పిలిచి ఇచ్చుకొనవచ్చును, ఎప్పుడు విడుచునో తెలియక పేదలు పని మానుకొని కాచుకొని యుండవలసివచ్చును, దారిన పోవువారు అంచు విడువలేదని నిందింతురు. పేదలు దినమునకు మూడు పర్యాయములు చేనిలోనికి రావచ్చును. ఉదయము పాలిచ్చు తల్లులకు, మధ్యాహ్నము పిల్లలకు, సాయంకాలము నడువజాలని వృద్ధులకు అనుకూలించునని తరువాతి వారు వ్యాఖ్యానించిరి. ఒకరినొకరు గాయపఱచుకొందురేమో యని కొడవళ్లు తేరాదనిరి. ఆకలిగొన్న గుంపును కన్నులార చూచినవారు తప్ప అన్యులు వ్రాయజాలని నియమమిది.

పొలములు లేని పట్టణమున ధర్మనిధి యేర్పడెను. అచట రెండు విధములైన ఏర్పాట్లుండెడివి. ‘తమ్హూయి’ యనునది ఆనాటి యాకలికి ఆనాడే యిచ్చు భోజనము. ‘కుప్పా’ యనునది వారమునకొకసారి, శుక్రవారమున, ఆ యూరి పేదలకు పంచు ద్రవ్యము. కుప్పాకొఱకు చందా వసూలు చేయువారు ఇద్దఱికి తక్కువ కారాదు, పంచువారు ముగ్గురికి తక్కువ కారాదు. ఏలయన పంపకము తీర్పు వంటిది, తీర్పరులు మువ్వురుండవలెను. వసూలుకు వెడలిన ఇద్దఱును వీధిలో ఒకరినొకరు విడిచి పోరాదు. వారిలో నొకనికి దారిలో నాణెము దొరకెనా, ఆతడు దానిని తన సంచిలో గాక కుప్పాలోనే వేయవలెను, చూచువారికి సందేహము కలుగకుండుటకై. పంచగా మిగిలిన చిల్లర నాణెములను మార్పవలసివచ్చినచో ఇతరులతో మార్పవలెనే కాని తమ సొమ్ముతో మార్చుకొనరాదు. లెక్కించునపుడు రెండేసి గాక ఒక్కొక్క నాణెమునే లెక్కింపవలెను. ఇంతటి కట్టడులతో బంధించిన పిమ్మట ఆ శాస్త్రకర్తలే, ధర్మకర్తలను లెక్క చెప్పుమని నిలదీయరాదని కూడ చెప్పుట నాకు మొదట వింతగా తోచెను. కాని నమ్మదగినవారినే యెన్నుకొని, శంకకు తావులేని పద్ధతిని ముందే యేర్పఱచి, అటుపిమ్మట నమ్ముటయే వారి రీతి.

అర్హతను విచారించుటలోను వారికొక తారతమ్యము కలదు. వస్త్రము కావలెనని వచ్చినవానిని విచారింపవచ్చును. ఆకలియని వచ్చినవానిని విచారింపరాదు, వెంటనే పెట్టవలెను. ఎంత యనగా, ఆతనికి లోపించినంత. మంచి వంశమున బుట్టి చితికిపోయిన యొక పేదకు హిల్లేలు అను పండితుడు ఎక్కుటకు గుఱ్ఱమును, ముందు పరుగిడుటకు సేవకుని నిచ్చెననియు, ఒకనాడు సేవకుడు దొరకక తానే మూడు మైళ్లు పరుగిడెననియు తాల్ముదులో నొక గాథ. దీనిని విని నవ్వువారు నవ్వవచ్చును. అయినను దారిద్ర్యమున పోయినది అన్నము మాత్రమే కాదనుట అందు స్పష్టము. దాతకు మాత్రము హద్దు కలదు: తన సంపదలో ఐదవ వంతునకు మించి యియ్యరాదని ఉషా నగర పండితులు శాసించిరి, నేటి దాత రేపటి యాచకుడు కాకుండుటకు.

ఇక గోప్యత. యెరూషలేము దేవాలయమున ‘రహస్యపు గది’ యొకటి యుండెడిది. పాపభీరువులు అందు గుప్తముగా ధనముంచుచుండగా, సత్కులజులైన పేదలు అందుండియే గుప్తముగా తీసికొనుచుండెడివారు. మార్ ఉక్బా యనునతడు ప్రతిదినమును తన పొరుగింటి పేద ద్వారబంధపు గూటిలో నాలుగు జూజులుంచి పోవుచుండెను. ఉపకారి యెవరో చూడగోరి ఆ పేద పొంచియుండిన దినమున తలుపు కదలుటతోడనే, వెంట వచ్చిన భార్యతో మార్ ఉక్బా పరుగెత్తి, అప్పుడే నిప్పు ఊడ్చిన పొయ్యిలో దాగెను. ఆతని పాదములు కాలుచుండగా, నా పాదములపై నీవి పెట్టుమని ఆ యిల్లాలు పలికెను. ఆమె పాదములకు వేడి తగులలేదు. కారణమడుగగా ఆమె, నేను ఇంటనే యుందును, నేను పెట్టునది తినుటకు సిద్ధమైన అన్నము అనెనట. గాథలోని చమత్కారమంతయు ఈ గృహిణి సమాధానమున నున్నది.

ఈ సంప్రదాయమంతటిని పండ్రెండవ శతాబ్దమున మైమోనిడీస్ అను పండితుడు తన ‘మిష్నే తోరా’ యను ధర్మశాస్త్రగ్రంథములో ఎనిమిది మెట్లుగా పేర్చెను. అట్టడుగు మెట్టు మనసు కష్టపెట్టుకొని యిచ్చుట. దానిపైది తగినంత కాకపోయినను ప్రసన్నముఖముతో ఇచ్చుట. ఆపై అడిగిన పిమ్మట, అటుపై అడుగకమునుపే యిచ్చుట. తాల్ముదులోని రబ్బీ అబ్బా వలె చేలపు కొంగున నాణెములు కట్టి వీపువైపు వ్రేలాడవిడిచి పేదలే విప్పుకొనునట్లు చేయుట మొదలైన గుప్తదానములు దానికిని పైన. శిఖరమున నున్నది దానమే కాదు: కుదురుకొనుటకు ఋణమో, వ్యాపారమున భాగస్వామ్యమో, పనియో చూపి ఇక చేయి చాపనక్కఱలేకుండ చేయుట. వడ్డీలేని ఋణములిచ్చు ‘గెమాఖ్’ సంఘములు ఆ మెట్టునకు నేటి రూపములు. వీనిలో కొన్ని పెండ్లి దుస్తులను, ఊయలలను, రోగుల పరికరములను సైతము ఎరువిచ్చుచున్నవి.

కేవలము గ్రంథములలోని మాటలా ఇవి యని సందేహించువారికి కైరో ‘గెనీజా’ సమాధానము. పాత కైరో యగు ఫుస్తాతులోని బెన్ ఎజ్రా ప్రార్థనాలయపు జీర్ణపత్రముల కొట్టునుండి 1896-97లో సోలమన్ షెక్టర్ కేంబ్రిడ్జికి తరలించిన కాగితములలో, పదునొకటవ పండ్రెండవ శతాబ్దముల నాటి రొట్టెల పంపక పట్టికలు, దాతల పట్టికలు, యాచనలేఖలు బయల్పడినవి. తన దైన్యము నలుగురకు తెలియనీయవలదని ప్రాధేయపడిన ఉత్తరములు వానిలో నున్నవి. గోప్యవిధి శాస్త్రకర్తల ఊహ కాదనుటకు ఇంతకన్న సాక్ష్యమేల? గోప్యతకు మినహాయింపును లేకపోలేదు: సత్కార్యము చేసినవాని పేరు ప్రకటించుట ఇతరులకు ప్రోత్సాహకరమని పదమూడవ శతాబ్దపు బార్సిలోనా పండితుడు రష్బా అంగీకరించెను, నేటి ధర్మశాలల గోడలపై పేర్లు చెక్కించు దాతలకు ఆ వాక్యము ఆధారము.

దొంగసొమ్ముతో చేసిన పుణ్యము పుణ్యమే కాదని కూడ వారు తీర్మానించిరి; కాని అది ఏ ధర్మశాస్త్రమైనను చెప్పునదే. వారి శాసనములలో నాకు అత్యుత్తమముగా తోచునది వేఱొకటి: దానముపై బ్రదుకు పేద సైతము తనకు వచ్చినదానినుండి దానము చేయవలెను. పుచ్చుకొనువానిని పుచ్చుకొనువానిగానే యుంచివేయు ధర్మముకన్న ఇది ఎంతయో మేలు.