శ్యామలన్ చిత్రములందు అద్భుతనిర్వాహము

నిర్వహణసంధియం దద్భుతరసము నిలుపవలయునని భరతముని విధించెను. ఆ యద్భుతము ముందు చెప్పినదానినుండియే పుట్టవలయును. పుట్టువఱకుఁ దోఁపకయు నుండవలయును. ఈ ధర్మమును జక్కఁగాఁ బాటించిన చలనచిత్రములలో 1999వ సంవత్సరమున వెలువడిన ‘ది సిక్స్త్ సెన్స్’ యొకటి. దీని దర్శకుఁడు నైట్ శ్యామలన్. ఇతఁడు 1970లో మాహేలో జన్మించి అమెరికాయందలి పెన్సిల్వేనియాలోఁ బెరిగినవాఁడు.

అందు మృతులను జూడఁగల కోల్ అను బాలుఁడు, మృతులు తాము మృతులమని యెఱుఁగరనియుఁ, జూడఁగోరినదానినే చూతురనియు, మాల్కమ్ క్రో అను వైద్యునితోఁ జెప్పును. ప్రేక్షకుఁడు బాలునిమీఁది జాలితో నామాట విని విడిచిపెట్టును. తుదకు నది యనువృత్తమై వైద్యునికే యన్వయించును. భోజనశాలలో భార్య యతనితో మాటాడకుండుట ప్రణయకలహమని తోఁచినది మఱియొక యర్థమును బొందును. పూర్వసూత్రమందలి పద ముత్తరసూత్రమున వచ్చి యర్థము నిర్ణయించినట్లు, కొత్తమాట యొక్కటియుఁ జేర్పకయే సర్వమును మార్చిన నేర్పది. ఆశ్చర్య మొకమాఱే కలుగును. అభిమానులు మఱల మఱలఁ జూచినది యీ యన్వయశుద్ధికొఱకే.

అట్టి యభిమాని 2006లో ‘లేడీ ఇన్ ది వాటర్’ చూచి నిరాశపడుట సహజము. ఫిలడెల్ఫియా ప్రాంతమున నొక గృహసముదాయము గలదు. దానిని జూచుకొను హీప్ అనువాఁ డచ్చటి యీఁతకొలనినుండి వెడలిన జలకన్యకు నాశ్రయ మిచ్చును. ఆమె పేరు ‘స్టోరీ’, అనఁగాఁ గథ. పచ్చిక మొలచిన తోఁడేలువంటి మృగ మామెకై పొంచియుండును. నత్తిగల హీప్ ఆమె సన్నిధిని తడఁబడక మాటాడుట సుకుమారమైన కల్పన. ఇంతవఱకు బాగు.

పిమ్మటఁ గన్య తన లోకమునకు మరలుటకుఁ బక్షిరాజు రావలయునట. వ్యాఖ్యాత, రక్షకుఁడు, వైద్యుఁడు, ఒక సంఘము కావలయునట. కొరియాదేశపు ముసలమ్మ చెప్పఁగాఁ గూఁతు రాంగ్లమునఁ దెలుపఁగా హీప్ వినును. అడ్డంకి వచ్చినపు డామెకడ కేఁగును. ఆమె మఱియొక విధి చెప్పును. శాస్త్రమున నిపాతనము గలదు, అనఁగాఁ బ్రక్రియ చూపక సిద్ధరూపమునే పఠించుట. లోకమునఁ బ్రయోగముండుటచే నది సహ్యము. ఇచట నన్నియు నిపాతనములే. వెనుకఁ బ్రయోగము లేదు. దర్శకుఁడు తన కూఁతులకు నిద్రవేళఁ జెప్పిన కథ దీనికి మూలము. అప్పటికప్పుడు కల్పించిన విధులు పడకటింటఁ జెల్లును, వినువారు నిద్రింతురు గనుక.

ఇంతకంటె నధికమైన దోషము మఱియొకటి గలదు. ఎవరే పాత్రకుఁ దగుదురో తెలియక హీప్, ఫార్బర్ అను చిత్రవిమర్శకు నడుగును. అతఁడు చెప్పినది తప్పగును. తుదకు మృగ మతనిని జంపును. అల్పాహారపు పెట్టెలమీఁది వ్రాతలు చదువు బాలుఁడు సరియైన వ్యాఖ్యాత యగును. ఎవని గ్రంథము లోకమును మార్చునని కన్య చెప్పునో, యా రచయిత వేషమును దర్శకుఁడు తానే ధరించెను! డిస్నీ సంస్థవారికిఁ గథాప్రతి రుచింపకపోఁగా నతఁడు వార్నర్ సంస్థ నాశ్రయించి యీ చిత్రమును దీసెను. ఆ కినుక యిందుఁ గొంత చేరినదేమో. భాష్యకారుఁడు పూర్వపక్షమును సంపూర్ణబలముతో నిలిపి పిమ్మట సమాధానము చెప్పును. ఇచటఁ బూర్వపక్షి మృగమునకు మేఁతయయ్యెను. 1999లో నన్వయమును వెదకి మెచ్చినవారును విమర్శకులే కదా. అభిమాని నొచ్చుకొనుటకు ముఖ్యకారణ మిదియే.

అయినను గాయపడిన కన్యను బట్టుకొని హీప్, హతులైన తన భార్యను బిడ్డలను దలఁచి యేడ్చుచోటఁ గరుణము సిద్ధించినది. విధి దానికి వైద్యమని పేరు పెట్టినది గాని, పాల్ జియామట్టి యభినయమున కాపే రక్కఱలేదు. ఆ ఘట్టముకొఱకు రెండవమాఱు చూడఁగోరువాఁడు ముసలమ్మ విధులన్నియు మఱల వినవలసియున్నది.