బీజగణిత పరిభాషలో ‘చరరాశి’: ఒక పునఃపరిశీలన

బీజగణితంలో సంఖ్యకు బదులుగా వ్రాసే అక్షరాన్ని తెలుగు పాఠ్యపుస్తకాలు ‘చరరాశి’ అనీ, ‘చలరాశి’ అనీ వ్యవహరిస్తున్నాయి. రెండింటికీ మూలార్థం కదలిక. పాఠశాల నుంచి అమూర్త బీజగణితం వరకు ఆ అక్షరం నిర్వహించే పాత్రలు మాత్రం ఒకటి కాదు. వాటన్నిటినీ ఒకే పదం మోయగలదా అన్నది ఇక్కడి ప్రశ్న.

2య + 3 = 11 అన్న సమీకరణంలో ‘య’ విలువ 4. అది మొదటి నుంచీ 4 మాత్రమే; విద్యార్థికి తెలియదు, అంతే. కదలనిదాన్ని చరరాశి అనడం వల్ల పదమూ భావమూ విడిపోతున్నాయి. వృత్తవైశాల్యం వ్యాసార్ధాన్ని బట్టి మారుతుందన్నప్పుడు వ్యాసార్ధం నిజంగా చరరాశి. రెండు చరరాశుల రేఖీయ సమీకరణాల పాఠంలో ఈ రెండు పాత్రలూ కలుస్తాయి. య + ర = 5 ఒక్కటే ఉన్నప్పుడు అక్షరాలు చలిస్తాయి; య − ర = 1 దానికి జతపడగానే 3, 2 వద్ద నిలిచిపోతాయి. పాత్ర మారినా పేరు మారలేదు.

ప్రాచీన పరిభాష ఈ విషయంలో జాగ్రత్త వహించింది. అంకగణితం వ్యక్తగణితం, బీజగణితం అవ్యక్తగణితం. అవ్యక్తం లేనిది కాదు, బయటపడనిది; సాధన దాన్ని వ్యక్తం చేస్తుంది. సమీకరణంలోని తెలియని రాశికి ఇంతకన్నా సరిపోయే పేరు అరుదు. 1150 నాటి ‘బీజగణితం’లో భాస్కరాచార్యుడు మొదటి అవ్యక్తాన్ని యావత్తావత్తు అనీ, తక్కినవాటిని కాలకం, నీలకం, పీతకం అంటూ రంగుల పేర్లతోనూ పిలిచి, వాటి తొలి అక్షరాలనే సంకేతాలుగా వాడాడు.

అసలు చిక్కు విశ్వవిద్యాలయ స్థాయిలో ఎదురవుతుంది. 0, 1 అనే రెండే మూలకాలున్న క్షేత్రంలో 1 + 1 = 0. అక్కడ య² + య అనే బహుపదిలో ‘య’కు 0 ఇచ్చినా 1 ఇచ్చినా విలువ సున్నాయే. అయినా అది శూన్య బహుపది కాదు. దాని గుణకాలు సున్నాలు కావు. ‘య’ను చరరాశిగానే నేర్చుకున్న విద్యార్థికి ఈ మాట వైరుధ్యంగా తోస్తుంది. విలువలన్నీ సున్నా అయినప్పుడు రాశీ సున్నా కావాలని అతని పదమే అతనికి చెబుతుంది. ఇక్కడి ‘య’ చలించదు, వ్యక్తమూ కాదు; గుణకాల స్థానాలను గుర్తించే అక్షరం మాత్రమే.

ఈ మూడవ పాత్రకు ‘వర్ణం’ అన్న పదాన్ని పరిశీలించవచ్చు. రంగుతోపాటు అక్షరమన్న అర్థమూ దానికుంది; ‘వర్ణమాల’ అందుకు సాక్ష్యం. భాస్కరుని వర్ణాలు కూడా చివరకు విలువలు పొందేవే కదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. అయితే ఇది పాత పదానికి కొత్త నిర్వచనమని స్పష్టంగా చెప్పి వాడితే అయోమయానికి తావుండదు. ‘క్షేత్రం’ కూడా రేఖాగణితంలోని ఆకృతి అర్థం నుంచి ఆధునిక బీజగణితంలోని నిర్మాణానికి అలాగే తరలివచ్చింది.

పరిభాషా నిర్మాణమంటే ఆంగ్ల పదానికి సమానార్థకం వెదకడమే అన్న దృష్టి ఈ విభజనకు అడ్డు. సమీకరణంలో అవ్యక్తం, ప్రమేయంలో చరరాశి, బహుపదిలో వర్ణం అని వేరుచేస్తే, తెలుగు మాధ్యమ విద్యార్థికి అమూర్త సిద్ధాంతం తన భాషలో ముందే సిద్ధమైన భేదంగా అందుతుంది.